సర్వర్ కొత్తదే, కోవూరు మాత్రం ఆరు ప్రశ్నార్థకాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది కావలి. రోజూ పొద్దున్నే రైలెక్కి నెల్లూరు వచ్చి సాఫ్ట్‌వేర్ పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరుకుంటా ఉంటా, మీ పేపర్ జిల్లా పేజీ బిట్రగుంట దాటేలోపు చదవటం అయిపోద్ది. ఈమధ్య ఒక ఆఫీసు దగ్గర జనం సగం రోజు లైన్లో నిలబడిపోయారని, సర్వర్ పాతబడటమే కారణమని, కొత్త సర్వర్ పెడతా ఉండాం గాబట్టి ఇంక ఇబ్బంది ఉండదని వాళ్ళు చెప్పినట్టు రాశారు. వార్త తప్పు అనటంలా. జనం ఎండలో నిలబడింది నిజమే. కానీ చివర్లో ఆ "కొత్త సర్వర్ పెడితే అయిపోద్ది" అనే మాట చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలీలా, ఎందుకంటే సరిగ్గా ఆ మాటే నమ్మి మేం నలుగురం రెండున్నర నెలలు సరిగ్గా నిద్ర కూడా పోలేదు.

ముందు ఒక చిన్న గొడవ తేల్చుకుందాం. మనోళ్ళు సర్వర్ అంటే ఏసీ రూంలో లైట్లు మిణుకుమిణుకుమనే పెట్టె అనుకుంటారు. పెట్టె మార్చటం పెద్ద పనేం కాదు, డబ్బులుంటే సాయంత్రానికి వచ్చేస్తది. నేను చెప్పే సర్వర్ ఆ పెట్టె లోపల నడిచే ప్రోగ్రాం, వెబ్ సర్వర్ అంటాం. మీరు బ్రౌజర్‌లో బటన్ నొక్కితే ఆ రిక్వెస్ట్ ముందు దాని చేతికే పోద్ది, అది విప్పి చూసి లోపలుండే అప్లికేషన్‌కి అందిస్తది, జవాబు తెచ్చి మళ్ళీ మీకిస్తది. జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో చేసిన వాటికి టామ్‌క్యాట్, జెట్టీ, అండర్‌టో అని కొన్ని ఉండాయి. అప్లికేషన్‌కీ సర్వర్‌కీ మధ్యలో ఫ్రేంవర్క్ అని ఇంకోటి ఉంటది, లాగిన్, ఫారాలు, బిల్లు ప్రింటు, ఫైల్ అప్‌లోడు లాంటివి ప్రతిసారీ మొదట్నించీ రాసుకోకుండా ఒకసారి రాసి పెట్టుకున్న సరంజామా అనుకోండి. ఆ ఫ్రేంవర్క్‌కీ సర్వర్‌కీ మధ్య ఉండే ఒప్పందం పేరు సర్వ్‌లెట్. ఒప్పందం కాగితమే మారిపోతే ఏమైతదో అదే ఈ ఉత్తరం.

మాది పెద్ద కంపెనీ ఏం కాదు, రైస్ మిల్లులకి, రొయ్యల మేత అమ్మే డీలర్లకి బిల్లింగ్ చేసి ఇస్తాం. బయట దొరికే సాఫ్ట్‌వేర్లకి క్వింటాలు తెలుసు గానీ ధాన్యం కొలిచే మన పుట్టి లెక్క తెలీదు, రైతుకి నోటితో పుట్టికింత అని చెప్పి కంప్యూటర్లో క్వింటాళ్ళు చూపిస్తే ఎవరొప్పుకుంటారు, అందుకని 2013లో మేమే సొంతంగా ఒక ఫ్రేంవర్క్ మొదలుపెట్టాం, టామ్‌క్యాట్ 7 మీద. తర్వాత 8.5కి వచ్చాం. అది పెద్దగా కష్టపెట్టలా, ఫైల్ తీసుకుపోయి ఆడ పెడితే లేచింది. ఆ సుఖమే మమ్మల్ని చెడగొట్టింది.

8.5కి సపోర్ట్ 2024 మార్చి 31తో అయిపోయింది. సపోర్ట్ అయిపోయిందంటే ఆ రోజు నించి నడవదని కాదు, శుభ్రంగా నడస్తానే ఉంటది, కాకపోతే దాంట్లో బొక్క బయటపడితే పూడ్చేవాళ్ళు ఉండరు. 2020లో టామ్‌క్యాట్‌లోనే ఘోస్ట్‌క్యాట్ అని ఒకటి బయటపడింది, 8009 పోర్టులో ఏజేపీ కనెక్టర్ అనే లోపలి దారి బయటోళ్ళకి తెరిచి ఉంటే అప్లికేషన్ లోపలి ఫైళ్ళు ఎవరైనా చదివేయొచ్చు. అప్పుడు 7కీ 8.5కీ 9కీ మూడింటికీ సరిచేసిన వెర్షన్లు వచ్చినాయి గాబట్టి బతికిపోయాం. రేపు అట్టాంటిది ఇంకోటొస్తే 8.5 వాళ్ళని పట్టించుకునేవాడు లేడు. మా కస్టమర్ ఒకాయన దగ్గరికి సెక్యూరిటీ ఆడిట్ వాళ్ళొచ్చి ఇదే రాసి పోయారు, ఆయన ఫోన్ చేసి "ఏంది అబ్బయా, మన సర్వర్ పాతదంట గదా, కొత్తదేసి పెట్టు, రేపు సాయంత్రానికి అయిపోద్దా" అన్నాడు. అయిపోద్దన్నా, ఎంతసేపు, అన్నా నేను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

టామ్‌క్యాట్ 10.1 దించి మా వార్ ఫైల్ (అప్లికేషన్ మొత్తం కట్టిన మూట) దాంట్లో పడేశా. సర్వర్ లేచింది, లాగ్‌లో పెద్ద అరుపులేం లేవు, పేజీ తెరిస్తే 404, అంటే అట్టాంటి పేజీ లేదని. ఇంకో పేజీ, 404. ఆ ఒప్పందం ప్రకారం రిక్వెస్ట్ అందుకునే కోడ్ ముక్కల్ని కూడా సర్వ్‌లెట్లనే అంటాం, మావన్నీ కోడ్‌లోనే అనోటేషన్ అనే గుర్తు పెట్టినవి, కొత్త సర్వర్‌కి ఆ గుర్తు ఏందో తెలీదు గాబట్టి అసలు వాటి వైపే చూడలా, ఎర్రర్ కూడా చెప్పకుండా ఊరుకుంది. వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్ అనే సెట్టింగుల ఫైల్లో పేరు రాసి ఉన్న పాత సర్వ్‌లెట్ ఒక్కటి మాత్రం తనకి కావాల్సిన క్లాస్ (కోడ్ ముక్క) కనపడటంలా అని గోల చేసింది. మావాడొకడు తెలివిగా పాత సర్వ్‌లెట్ జార్, అంటే లైబ్రరీ ఫైల్, తెచ్చి లిబ్ ఫోల్డర్లో పెట్టాడు, అప్పుడు క్లాస్ దొరికింది గానీ ఇది నాకు తెలిసిన సర్వ్‌లెట్ కాదు పొమ్మని క్లాస్ కాస్ట్ ఎర్రర్ ఇచ్చింది. రెండు క్లాసుల పేరు చివర ఒకటే, ఇంటిపేరు వేరు.

ఆ ఇంటిపేరు ఎట్టా మారిందంటే, 2017లో జావాని చూసుకునే ఒరాకిల్ కంపెనీ వాళ్ళు సర్వ్‌లెట్ లాంటి ఒప్పందాలన్నీ ఉండే జావా ఈఈ మొత్తం ఎక్లిప్స్ ఫౌండేషన్ అనే సంస్థకి అప్పజెప్తామన్నారు, 2018లో దానికి జకార్తా ఈఈ అని కొత్త పేరు పెట్టారు, ఎందుకంటే జావా అనే మాట ఒరాకిల్ ట్రేడ్‌మార్క్. కోడ్ లోపల మాత్రం జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ అనే పాత పేరే ఉండిపోయింది, దాన్ని ఏం చెయ్యాలని ఇద్దరూ మాట్లాడుకుని మాట్లాడుకుని 2019లో ఒప్పందం కుదరదని తేల్చేశారు, పాత పేరు కింద ఇంక కొత్త మార్పులు చెయ్యకూడదు. దాంతో 2020 డిసెంబర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో అన్నీ జకార్తా డాట్ సర్వ్‌లెట్ అయిపోయినాయి. టామ్‌క్యాట్ 9 దాకా పాత పేరు, 10 నించి కొత్త పేరు. అంటే ఒక కంప్యూటర్ కారణం కాదు, స్పీడు కారణం కాదు, ట్రేడ్‌మార్కు గొడవ వల్ల ప్రపంచం మొత్తం మీద జావా వాళ్ళు కోడ్ తిరగరాసుకున్నారు. జకార్తా ఉండేది జావా దీవిలోనే అని గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇంకొంచెం మండుద్ది.

పేరేగా, మార్చేస్తే పోద్ది అనుకుంటారు. మేమూ అట్టాగే అనుకుని జావాఎక్స్ అని ఉన్న ప్రతి చోటా జకార్తా అని ఫైండ్ రీప్లేస్ కొట్టేశాం. డేటాబేస్ పోయింది, పాస్‌వర్డ్ ఎన్‌క్రిప్షన్ పోయింది. జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ డాట్ క్రిప్టో, జావాఎక్స్ డాట్ నేమింగ్ ఇవన్నీ జావాతోనే వచ్చేవి, వాటి పేరు మారలా, మారేది లేదు. కోడలి ఇంటిపేరు మార్చమంటే వీధి మొత్తానికి మార్చుకొచ్చినట్టు అయింది. వెనక్కి తీసుకుని ఒక్కో ప్యాకేజీ చూసి మార్చాం. ఆ తర్వాత తెలిసింది మేం వాడే పాత ఫైల్ అప్‌లోడ్ లైబ్రరీ లోపల కూడా పాత పేరే ఉందని, దాన్ని మార్చాలి, అది మారిస్తే దాని మీద ఆధారపడ్డ ఇంకోటి మార్చాలి. మా ఫ్రేంవర్క్‌లో సెషన్‌లో (లాగిన్ అయిన మనిషి సంగతులు సర్వర్ గుర్తుపెట్టుకునే చోటు) విలువ దాచటానికి పుట్‌వాల్యూ అనే మెథడ్ యాడంటే ఆడ వాడి ఉంది, సర్వ్‌లెట్ 2.2 నాటి నించే ఇది వాడొద్దు వాడొద్దని చెప్తా ఉండారు, కంపైలర్ పదేళ్ళుగా పసుపు గీత గీసి చూపిస్తానే ఉంది, సర్వ్‌లెట్ 6.0లో నిజంగానే తీసేశారు. పాత పుస్తకం చూసి ఆ కోడ్ రాసిన మహానుభావుడు ఎవరా అని వెతికితే నేనే.

టామ్‌క్యాట్ వాళ్ళే ఒక మైగ్రేషన్ టూల్ ఇస్తారు, అది చెప్పకపోతే అన్యాయం. వెబ్‌యాప్స్ జావాఈఈ అనే ఫోల్డర్లో పాత వార్ ఫైల్ పడేస్తే లోపలి పేర్లన్నీ అదే మార్చి లేపుద్ది. పెట్టి చూశాం, లేచింది కూడా. ఎవరో ఎప్పుడో చేసిచ్చి పోయిన, సోర్స్ కోడ్ కూడా దొరకని అప్లికేషన్ ఉంటే దానికి అంతకన్నా మంచి మందు లేదు. మా తంటా వేరే. మేం ఇచ్చేది ఫ్రేంవర్క్, దాని మీద కస్టమర్ల దగ్గరుండే ప్రోగ్రామర్లు కూడా సొంత కోడ్ రాసుకుంటారు, వాళ్ళు కంపైల్ చేసేటప్పుడు మా జార్‌లో పాత పేరు ఉంటే వాళ్ళ కోడ్‌లో కూడా పాత పేరే పడుద్ది. ఇంకొకాయన మిల్లులో వేబ్రిడ్జి పక్కన ఉండే పాత మిషన్‌లో జావా 8 తప్ప ఇంకోటి పెట్టే ధైర్యం ఎవరికీ లేదు, టామ్‌క్యాట్ 10.1కి కనీసం జావా 11 కావాలి, టామ్‌క్యాట్ 11కి అయితే జావా 17. కాబట్టి పాతదాన్ని వదిలేసి కొత్తదానికి దూకటం కుదరదు, రెండూ నడవాలి. తొందరున్న వాళ్ళకి ముందు టామ్‌క్యాట్ 9 పెట్టి పంపించాం, అది జావా 8 మీద నడుస్తది, పేరు పాతదే, అప్‌డేట్లు వస్తా ఉండాయి. ఊపిరి తీసుకోటానికి అది చాలు.

మన పొలాల్లో మోటారు మార్చిన వాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమైద్ది. కొత్త మోటారు మూతి రెండున్నర అంగుళాలు, పొలంలో పాతిన పైపు మూడంగుళాలు, అప్పుడు పైపు మొత్తం తవ్వి తియ్యం గదా, మధ్యలో రెడ్యూసర్ బిగిస్తాం. మా పైపు తప్పేందంటే ఎక్కడా జాయింటు లేదు, బావి దగ్గర నించి చివరి మడి దాకా మోటారుతో కలిపి పోత పోసినట్టు రాసేశాం. బిల్లు లెక్కేసే క్లాస్ కూడా సర్వ్‌లెట్ రిక్వెస్ట్‌ని నేరుగా పట్టుకుని ఉంది. దానికేం పని, దానికి బస్తాలెన్ని, ధరెంత అనేది తెలిస్తే చాలు. కాబట్టి మొదటి నెల అంతా సర్వర్ ఊసే ఎత్తకుండా ఆ అతుకులు విడగొట్టటమే సరిపోయింది. మా సొంత రిక్వెస్ట్, సొంత రెస్పాన్స్, సొంత సెషన్ అని చిన్న ఇంటర్‌ఫేస్‌లు, అంటే మా సొంత ఒప్పందాలు, రాసుకున్నాం, లోపలి కోడ్ అంతా వాటితోనే మాట్లాడుద్ది, జావాఎక్స్ అనీ తెలీదు, జకార్తా అనీ తెలీదు. బయట రెండు చిన్న మాడ్యూళ్ళు, ఒకటి పాత పేరుకి, ఒకటి కొత్త పేరుకి. ఏ సర్వర్ ఉంటే ఆ మాడ్యూల్ బిగించుకోవటమే. ఈ పని 2013లో చేసుంటే ఇప్పుడు వారంలో అయిపోయేది, అప్పుడు ఎవరికి తీరిక.

ఇంక కోవూరు సంగతి. అన్నీ అయిపోయినాయి, టెస్టులన్నీ పాస్, ఒక మిల్లులో కొత్త సర్వర్ పెట్టి ఇంటికొచ్చి పడుకున్నాం. పొద్దున్నే గుమాస్తా ఫోన్, "అన్నా, రైతు పేరు దగ్గర, ఊరి పేరు దగ్గర అన్నీ ప్రశ్నార్థకాలు వస్తా ఉండాయి, బిల్లు చూసి రైతులు నన్ను తిడతా ఉండారు" అని. పోయి చూస్తే ఊరు అనే గడిలో వరసగా ఆరు ప్రశ్నార్థకాలు. ఏ ఊరయ్యా ఇది అంటే కోవూరు అన్నాడు. కోవూరు మూడక్షరాలు, ఆరు గుర్తులు ఎందుకొచ్చినాయి? అక్కడే దొరికింది దొంగ. కంప్యూటర్ లెక్కలో కోవూరు అంటే క, దాని గుణింతం గుర్తు, వ, దాని గుర్తు, ర, దాని గుర్తు, మొత్తం ఆరు. ఒక్కోదానికి ఒక్కో ప్రశ్నార్థకం. అంటే తెలుగు సర్వర్ దాకా సరిగ్గానే వచ్చింది, వచ్చాక మా కోడే దాన్ని చంపింది.

విషయం ఏందంటే సర్వ్‌లెట్ పద్ధతిలో ఫారం డేటా ఏ ఎన్‌కోడింగ్‌లో (అక్షరాల్ని అంకెలుగా మార్చే పట్టిక) ఉందో ఎవరూ చెప్పకపోతే అది ఐఎస్ఓ 8859-1 అనుకుంటది, పడమటి యూరప్ భాషల కోసం చేసిన పాత పట్టిక అది, మొత్తం 256 స్థానాలు, దాంట్లో తెలుగుకి చోటే లేదు. మనం పంపేది అన్ని భాషలూ పట్టే యూటీఎఫ్-8, దాంట్లో తెలుగు ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. అందుకే 2013లో రైతు పేరు సేవ్ చేస్తే నెత్తి మీద గీతలున్న ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు వచ్చేవి. అప్పుడు సరైన చోట ఒక్క మాట చెప్తే పోయేదానికి, వచ్చిన చెత్తని మళ్ళీ 8859-1 బైట్లుగా విడగొట్టి యూటీఎఫ్-8గా చదువుకునే ఒక లైన్ రాసి చేతులు దులుపుకున్నాం. పదకొండేళ్ళు పని చేసింది. టామ్‌క్యాట్ 10 నించి వాళ్ళ మూల వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లోనే రిక్వెస్ట్ యూటీఎఫ్-8 అని రాసిస్తా ఉండారు, అంటే తెలుగు ముందే శుభ్రంగా వస్తది. శుభ్రంగా వచ్చిన తెలుగుని మా లైన్ మళ్ళీ 8859-1లోకి తొయ్యబోయింది, చోటు లేదు, ప్రశ్నార్థకం. సర్వర్ మంచి చేస్తే మా పాత అతుకు దాన్ని చెడగొట్టింది, ఇదీ ఆ ఆరు గుర్తుల కథ. చెత్త అక్షరాలైతే వెనక్కి తెచ్చుకోవచ్చు, ప్రశ్నార్థకం అయినదాన్ని దేవుడు కూడా వెనక్కి తేలేడు, ఆ రోజు బిల్లులన్నీ తూకం చీటీలు ముందేసుకుని నేనూ గుమాస్తా కూర్చుని మళ్ళీ టైప్ చేశాం. టెస్టుల్లో ఎందుకు దొరకలా అంటే టెస్టుల్లో మేం రాసిన పేర్లన్నీ ఇంగ్లీషులో టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు. నెల్లూరులో కూర్చుని తెలుగు బిల్లులు చేసే వాళ్ళం తెలుగు పేరుతో ఒక్క టెస్ట్ కూడా రాయలా. ఇప్పుడు ఆ లైన్ తీసేసి, ఫారంలో విలువలు చదవక ముందే ఎన్‌కోడింగ్ మా ఫ్రేంవర్కే చెప్పేట్టు పెట్టాం, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, ఉదయగిరి అన్నీ టెస్టుల్లో ఉండాయి, ప్రతి టెస్టూ పాత సర్వర్ మీద ఒకసారి కొత్త సర్వర్ మీద ఒకసారి నడుస్తది.

మేత డీలర్ల దగ్గర జెట్టీ వాడతాం, దాంది ఇంకో రకం. జెట్టీ 12 వాళ్ళు 2023లో విడుదల చేశారు, జావా 17 కావాలి, కానీ తెలివైన పని ఒకటి చేశారు, సర్వర్ గుండెకాయని సర్వ్‌లెట్ నించి విడదీసి పాత పేరు అప్లికేషన్‌కి ఒక గది, కొత్త పేరు అప్లికేషన్‌కి ఒక గది అని ఒకే సర్వర్‌లో ఇచ్చారు. మేం నెల రోజులు కష్టపడి చేసుకున్న విడదీతే వాళ్ళూ చేశారని చూసి కొంచెం గర్వంగా అనిపించింది లెండి. అయితే మేం సర్వ్‌లెట్ కాకుండా నేరుగా జెట్టీ హ్యాండ్లర్ (రిక్వెస్ట్ అందుకునే జెట్టీ సొంత పద్ధతి) మీద రాసిన కోడ్ కొంత ఉంది, అది మాత్రం పూర్తిగా తిరగరాయాల్సొచ్చింది. ఇప్పుడు హ్యాండ్లర్ చేతికి కాల్‌బ్యాక్ అని ఒకటిస్తారు, పని అయిపోయాక అయిపోయిందని దానికి చెప్పాలి, చెప్పటం మరిస్తే ఎర్రర్ రాదు, పేజీ అట్టాగే తిరగతా ఉంటది, ఫోన్ హోల్డ్‌లో పెట్టి టీకి పోయినట్టు. దాని మీద రెండు రోజులు పోయినాయి.

ఇదంతా మా నలుగురి చేతగానితనం అనుకునే వాళ్ళుంటారు, ఉండొచ్చు. కానీ స్ప్రింగ్ బూట్ అంత పెద్ద ఫ్రేంవర్క్ సంగతి చూడండి. 2022 నవంబర్లో 3.0 వచ్చినప్పుడు అప్పటి జెట్టీకి సర్వ్‌లెట్ 6.0 రాదు గాబట్టి జెట్టీ కావాలంటే సర్వ్‌లెట్‌ని 5.0కి దించుకోండని వాళ్ళే రాశారు. జెట్టీ 12కి సపోర్ట్ 2023 నవంబర్లో 3.2తో గానీ ఇవ్వలా. 2025లో 4.0 వచ్చేసరికి అండర్‌టో సర్వ్‌లెట్ 6.1కి రాలేదని దాన్ని పూర్తిగా తీసేశారు, అండర్‌టో నమ్ముకున్న వాళ్ళు ఇంకో సర్వర్ చూసుకోవాల్సిందే. అంత మంది పనిచేసే చోటే కొత్త సర్వర్ చేర్చటం, పాతది వదలటం అంటే ఒక విడుదల అంత పని. మన జిల్లాలో ఒక ఆఫీసులో "కొత్త సర్వర్ పెడతా ఉండాం" అని ఒక లైన్‌లో చెప్తే ఎట్టా నమ్మేది.

అసలు కడుపుమంట ఇక్కడ. ఈ రెండున్నర నెలల పనికి మాకు ఎవరూ రూపాయి ఇవ్వలా. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితంలో ప్రింటర్ రిపేరు ఉంటది, కొత్త రిపోర్టు చేసిస్తే ఇంత అని ఉంటది, సర్వర్ వెర్షన్ మారితే ఫ్రేంవర్క్‌ని దానికి తగ్గట్టు మార్చే పని అని ఎక్కడా రాసి ఉండదు. మిల్లు ఆయన్ని అడిగితే "స్క్రీన్ మీద కొత్తగా ఏం కనపడటంలా గదయ్యా, దేనికియ్యాల" అన్నాడు, ఆయన తప్పు లేదు, నిజంగానే ఏం కనపడదు, పని బాగా జరిగితే అస్సలు కనపడదు. చిన్న వ్యాపారి అట్టా అంటే సరే. టెండర్లు పిలిచి చేయించుకునే చోట కూడా అదే పద్ధతి ఉంటే ఏమైతదంటే, చేసిన వాళ్ళు బిల్లు తీసుకుని పోతారు, నాలుగైదేళ్ళకి సర్వర్ సపోర్ట్ అయిపోద్ది, ఎవరో ఒకరు పెట్టె మార్చి దాంట్లో అదే పాత టామ్‌క్యాట్ మళ్ళీ ఎక్కించి కొత్త సర్వర్ అంటారు. లేదా నిజంగానే కొత్తది ఎక్కించి మాలాగా 404 చూసి తలపట్టుకుంటారు, బయట లైన్లో జనం.

కాబట్టి మీ విలేకరులకి నా మనవి. ఈసారి ఎవరైనా సర్వర్ పాతదైంది అంటే పెట్టెనా ప్రోగ్రామా అని అడగండి. ప్రోగ్రాం అంటే ఏ వెర్షన్ నించి ఏ వెర్షన్‌కి పోతా ఉండారు, లోపలి అప్లికేషన్‌ని దాని మీద ఎవరు టెస్ట్ చేశారు, ఆ పని ఎవరి కాంట్రాక్టులో ఉంది, పాతదాన్ని పక్కన కొన్నాళ్ళు నడపతారా లేక రాత్రికి రాత్రి తీసేస్తారా అని అడగండి. జవాబు రాకపోతే రాలేదనే వెయ్యండి, మాలాంటోళ్ళకి అర్థమైపోద్ది. తెలుగులో పేర్లు టైప్ చేసి చూశారా అని కూడా ఒకమాట అడిగితే గుమాస్తాలు మీకు దణ్ణం పెడతారు.

ఉత్తరం పొడుగైంది, మీకు చోటు లేకపోతే జెట్టీ పేరా తీసేయండి, కోవూరు పేరా మాత్రం ఉంచండి. అచ్చులో కోవూరు అని ఉండాల్సిన చోట ఆరు ప్రశ్నార్థకాలు కనపడితే ఈసారి తప్పు నాది కాదని పాఠకులకి ముందే చెప్తా ఉండా.

ఇట్లు
ఒక జావా ప్రోగ్రామర్,
కావలి, నెల్లూరు జిల్లా